ఇంకా ఎన్నేళ్లు చదువుతుందండీ?



కొద్ది నెలల క్రితము ఒక ఆదివారము, ఆరాధన ముగిసి ప్రభువు బల్ల పాత్రలు సర్దుతుండగా మా సంఘములోని ఒక తల్లి వచ్చి ప్రక్కన నిలబడింది. "అయ్యగారూ, మా పెద్దమ్మాయి గురించి ప్రార్థన చేయండి" అన్నది. ఒంట్లో బాగాలేదేమో అనుకొని అడిగాను.

"ఒంట్లో బాగానే ఉందండీ. ఇంకా చదువుతూనే ఉందండీ. ఇరవై తొమ్మిది వచ్చాయి. డిగ్రీ అయ్యింది, ఎమ్మెస్సీ అయ్యింది, ఇప్పుడు పీహెచ్.డి. అంటోంది, అది అయిదో ఏడు. దానితో చదివిన పిల్లలంతా ఉద్యోగాలు చేసుకుంటున్నారు, బిడ్డల్ని ఎత్తుకున్నారు. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, ఇంకా ఎన్నేళ్లు చదువుతుంది వదినా అని అడుగుతుంది. నేనేం చెప్పాలండీ?"

అంతేకాదు, ఒక సంబంధము వచ్చింది. అబ్బాయి విశ్వాసి, మంచి కుటుంబము. అయితే చదువు ఆపివేసి రావాలని అబ్బాయి తల్లి మాట. కావాలంటే మా ఊరిలోనే ఏదైనా స్కూలులో టీచరుగా చేరవచ్చును గదా అన్నారట.

ప్రార్థన చేశాను. నిజము చెప్పాలంటే, నేను దేని నిమిత్తము ప్రార్థించానో నాకే సరిగా తెలియలేదు. సైన్సులో పరిశోధన చేయడమంటే ఏమిటో, ఆ అమ్మాయి ఉదయము లేచి ఏమి చేస్తుందో నాకు తెలియదు. నేను చదివినది వేదాంత డిప్లొమా. ఇంటర్మీడియెట్‌లో కప్పను కోయడము తప్ప జీవశాస్త్రముతో నాకున్న పరిచయము తక్కువ. తరువాత హైదరాబాదులో కాపరుల సదస్సుకు వెళ్లినప్పుడు, ఒక పూట వీలు చేసుకొని ఆ అమ్మాయి ఉన్న విశ్వవిద్యాలయమునకు వెళ్లాను.

నేను అద్దాల గదులు, పొగలు వచ్చే సీసాలు ఊహించుకొని వెళ్లాను. ఆమె నన్ను మొదట తీసుకువెళ్లినది వల కట్టిన ఒక షెడ్డుకు. లోపల వరుసగా కుండీలు, కుండీలలో వరి. కోనసీమ నుండి వచ్చినవానికి చూపించడానికి వరి తప్ప మరేమీ లేదా అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆమె తండ్రి కౌలు రైతు. గాలివాన పడిన తరువాత ఆకు అంచులు పసుపుపచ్చగా తిరిగి, అలలు అలలుగా ఎండి, చేను గడ్డిలాగ అయిపోవడము మన రైతులందరూ చూచినదే. ఎండాకు తెగులు అంటాము. అది ఒక బాక్టీరియా వలన వస్తుంది. మందు చల్లినా పెద్దగా ఫలితము ఉండదు. ఆ బాక్టీరియా మొక్కను ఎలా లొంగదీసుకొంటుందో, మొక్క ఎలా తట్టుకొంటుందో తెలుసుకోవడమే ఈ అమ్మాయి పని.

ఆమె చేసే పరీక్ష వింటే చాలా చిన్నది. కత్తెరను ఆ బాక్టీరియా ఉన్న నీటిలో ముంచి ఆకు కొనలు కత్తిరిస్తారు. పద్నాలుగు దినములు ఆగి, ఎండిన భాగము ఎంత పొడవున్నదో స్కేలుతో కొలుస్తారు. అంతే. కాని ఆ మొక్క నుండి గింజ తీసి, మరల నాటి, దాని పిల్ల మొక్కలో కూడా అదే గుణము ఉన్నదా అని చూడాలంటే, సాంబ మసూరి వంటి రకమునకు ఒక్కొక్క తరమునకు అయిదు నెలలు పడుతుంది. రెండవ సంవత్సరములో ఒక రాత్రి ఎలుకలు దూరి కంకులను కొరికివేశాయట. ఒక్క రాత్రితో ఆరు నెలల పని పోయింది. "ఆ రోజు అమ్మకు ఫోను చేసి ఏడ్చానండీ. ఎలుకలు వడ్లు తింటే ఇంత ఏడుపా, మనింట్లో రోజూ తింటాయి గదే అంది" అని చెప్పింది.

అప్పుడు నాకు అయిదేళ్ల లెక్క కొంత అర్థమయ్యింది.

మీరు తినే అన్నములో కూడా ఇటువంటి పని ఉండవచ్చును. సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, బాపట్లలో రూపొందిన రకము, 1986లో విడుదలయ్యింది. రుచికి దానికి సాటి లేదు గాని ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, అక్కడి వరి పరిశోధనా సంస్థవారు కలిసి, తెగులును తట్టుకొనే మూడు జన్యువులను దానిలోనికి తెచ్చారు. తెగులుకు లొంగని వరితో సంకరము చేసి, ఆ పిల్లలను మరల మరల సాంబ మసూరితోనే సంకరము చేస్తూ, ప్రతి తరములోను చిన్న ఆకు ముక్క తీసి డి.ఎన్.ఎ. పరీక్ష చేసి, మూడు జన్యువులు ఉన్న మొక్కనే నిలుపుకొన్నారు. రుచి పోలేదు, తెగులుకు బలము వచ్చింది. అది 2008లో విడుదలయ్యింది. దాని వెనుక ఎంతమంది పీహెచ్.డి. పిల్లల కత్తెరలు, స్కేళ్లు ఉన్నాయో మనము ఎప్పుడైనా ఆలోచించామా? నేను ఆలోచించలేదు.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. పది దినములు శాకధాన్యములు తిన్నవారిని, రాజు భోజనము తిన్నవారిని ప్రక్కప్రక్కన నిలిపి చూడమని దానియేలు అడిగాడు. ఆ సంగతి చెప్పగానే ఈ అమ్మాయి "మేము చేసేది అదేనండీ, ఒక గుంపుకు ఇచ్చి, ఒక గుంపుకు ఇవ్వకుండా పోల్చి చూడడము" అన్నది. ఇరవై ఏండ్లుగా బోధిస్తున్నా నాకు తట్టని మాట.

ఇక తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని వ్రాస్తాను. మన ఇండ్లలో నీట్ రాకపోతే బి.ఎస్సీ. అనే అలవాటు ఉన్నది. ఓడిపోయినవారికి మిగిలిన దారి అన్నట్టు పిల్లలను అందులోనికి పంపుతాము. ఇది ఆ పిల్లలకు మనము చేసే మొదటి అన్యాయము. జీవశాస్త్రమును ఇష్టపడి చదివేవారికి ఇంటర్ తరువాత నేరుగా పరిశోధన వైపు తీసుకువెళ్లే అయిదేండ్ల కోర్సులు ఉన్నాయి. 2015లో తిరుపతిలో ప్రారంభమైన ఐసర్ అటువంటిది. డిగ్రీ తరువాతనైతే కేంద్ర విశ్వవిద్యాలయములకు సి.యు.ఇ.టి., బయోటెక్నాలజీకి గ్యాట్-బి అనే పరీక్షలు ఉన్నాయి. ఊరికి దగ్గర అని ఏదో ఒక కళాశాలలో ఎమ్మెస్సీలో చేర్చే ముందు అక్కడి ల్యాబు ఒకసారి తలుపు తీయించి చూడండి. బయోటెక్నాలజీ అని బోర్డు పెట్టి, లోపల నాలుగు మైక్రోస్కోపులకు మించి లేని చోట్లు నేను చూచాను.

ఎమ్మెస్సీ తరువాత వచ్చేదే అసలు గడప. సి.ఎస్.ఐ.ఆర్. - యు.జి.సి. నెట్ అనే పరీక్ష. జీవశాస్త్రములలో 200 మార్కులకు, మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు తీసివేస్తారు. దానిలో జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత పని చూచి 42,000 రూపాయలు ఇస్తారు. ఇవి 2023 జనవరి నుండి అమలులోనికి వచ్చిన లెక్కలు, ఇంటి అద్దె భత్యము వేరు. మొత్తము అయిదేండ్లు. అది రానివారు కూడా పీహెచ్.డి.లో చేరవచ్చును గాని, వారికి దొరికేది దానిలో నాలుగవ వంతు కూడా ఉండకపోవచ్చు, చాలాచోట్ల ఏమీ ఉండదు. మైనారిటీ పిల్లలకు ఉండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్ గురించి మన సంఘములలో ఇప్పటికీ అడుగుతుంటారు. అది 2022-23 నుండి ఆపివేయబడింది. దానిని నమ్ముకొని ఎవరూ చేరవద్దు.

ఈ 42,000 సంగతి ఆ తల్లితో చెప్పినప్పుడు జరిగినది చెప్పాలి. "మీ అమ్మాయి చదువుట లేదమ్మా, పని చేస్తున్నది. దానికి జీతము కూడా వస్తున్నది" అన్నాను. ఆమె కొంతసేపు ఊరకున్నది. తరువాత, "తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు అదే కట్టిందండీ. నాన్నకు స్టెంటు వేసినప్పుడు కూడా అదే పంపింది" అన్నది. ఇన్నాళ్లు ఆ డబ్బును ఆ ఇంటిలో ఎవరూ జీతము అని అనుకోలేదు. కూతురు హాస్టలులో పొదుపు చేసినది అనుకొన్నారు. పైగా ఆ డబ్బు కూడా నెల నెలా వేళకు రాదు. కొన్నిసార్లు రెండు మూడు నెలలది ఒక్కసారి వస్తుందట. లాబాను యాకోబు జీతమును పదిమార్లు మార్చినట్టు ఆదికాండములో చదువుతాము. యాకోబుకు ఈ పిల్లల కష్టము బాగా అర్థమయ్యేది.

ఇప్పుడు కఠినమైన భాగము. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు చెప్పాడు. ఈ దారిలో ఆ లెక్క చూడకుండా పిల్లలను పంపేవారు, పంపి మధ్యలో దించివేసేవారు, ఇద్దరూ ఉన్నారు. పీహెచ్.డి.కి కనీసము మూడేండ్లు, ఆరేండ్లకు మించరాదని 2022 నిబంధనలు. మరల నమోదు చేసుకొంటే రెండేండ్లు పొడిగిస్తారు, స్త్రీలకు ఇంకొక రెండేండ్ల సడలింపు ఉన్నది. ప్రసూతికి, బిడ్డ సంరక్షణకు 240 దినముల వరకు సెలవు ఉన్నది. ఈ మాట పెండ్లి సంబంధము వారికి కూడా చెప్పవలసినదే గనుక వ్రాస్తున్నాను. కాని ఫెలోషిప్ అయిదేండ్లకే ఆగిపోతుంది. జీవశాస్త్రములో అయిదేండ్లలో ముగించేవారు అదృష్టవంతులు. ఆరవ ఏట చేతిలో డబ్బు ఉండదు, థీసిసు వ్రాయవలసిన సమయము అదే. సరిగ్గా ఆ సమయములోనే ఇంటి నుండి ఫోనులు ఎక్కువవుతాయి.

డాక్టరు అని పేరు ముందు చేరిన తరువాతనైనా కుర్చీ సిద్ధముగా ఉంటుందా అంటే, ఉండదు. ముందు పోస్టు డాక్టరేటు అని మరొక రెండు మూడు సంవత్సరములు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ, ఇక్కడనో విదేశములోనో తాత్కాలికముగా పనిచేయాలి. అసిస్టెంటు ప్రొఫెసరు ఉద్యోగమునకు కనీస అర్హత నెట్ లేదా సెట్ అని, పీహెచ్.డి. తప్పనిసరి కాదని 2023 జూలై 1 నుండి నియమము వచ్చింది. మొదటి మూల వేతనము 57,700. అయితే విశ్వవిద్యాలయములో ఇంటర్వ్యూకు వచ్చేవారంతా పీహెచ్.డి.లు, పరిశోధనా వ్యాసములు పట్టుకొనే వస్తారు. ప్రకటనలు ఏండ్ల తరబడి రావు. ఈ మధ్యలో పాఠమునకు ఇంత అని గెస్టు లెక్చరరుగా పనిచేస్తూ నలభై దాటినవారు నాకు తెలుసు. హైదరాబాదు చుట్టుప్రక్కల వాక్సిన్ కంపెనీలు, మందుల కంపెనీలు, విత్తనముల కంపెనీలు ఉన్నాయి. హెపటైటిస్-బి వాక్సిన్ 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారు అక్కడే తయారుచేశారు. కోవాక్సిన్ కూడా అక్కడిదే. అక్కడికి వెళ్లడము తక్కువ అని కొందరు ప్రొఫెసర్లు పిల్లలకు నూరిపోస్తారట. అది నాకు నచ్చలేదు.

నన్ను అడిగితే, పిల్లలు విశ్వవిద్యాలయము పేరు కంటె గైడు ఎవరో చూచుకోవాలి. ఆ గైడు దగ్గర ఎంతమంది ముగించారు, ఎన్నేండ్లలో ముగించారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు అని సీనియర్లను అడగాలి. ఒక సేవకుని దగ్గర ఉపదేశము పొందగోరినవాడు ఆయన ఇంటివారిని చూచినట్టే.

మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఇక్కడ జ్ఞాపకము చేయాలి. మద్రాసులో వైద్యము చదివి అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేస్తూ హార్వర్డులో పరిశోధన చేశారు. రక్తములో ఫాస్ఫరసును కొలిచే ఫిస్కే - సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. 1930లో పీహెచ్.డి. వచ్చింది. కండరములకు శక్తినిచ్చే పదార్థముల మీద అంత పని చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఆయన సోదరులు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన బృందమునకు ఆయనే నాయకుడు. మన డెల్టాలో ఆరోగ్య కార్యకర్తలు బోదకాలుకు పంచే డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడి పనియే. 1948లో, 53 ఏండ్లకే మరణించారు. ఆయన మన విశ్వాసమునకు చెందినవారు కారు. అయితే మా సంఘములో గర్భిణీ స్త్రీలు మ్రింగే ఫోలిక్ మాత్ర గురించి దేవునికి స్తోత్రము చెప్పేటప్పుడు ఆయనను మరువలేము. విశ్వవిద్యాలయము చోటు ఇవ్వకపోతే పని ఆగిపోయినట్టు కాదని ఆ అమ్మాయితో చెప్పాను. ఆమెకు ఆయన సంగతి నాకంటె ఎక్కువ తెలుసు.

మరొకరి సంగతి మాత్రము నన్ను గుచ్చింది. జన్యుశాస్త్రమునకు పునాది వేసిన గ్రెగర్ మెండెల్ ఒక సన్యాసి, బ్రనో పట్టణపు మఠములో ఉండినవాడు. ఉపాధ్యాయ పరీక్ష 1850లో తప్పాడు, 1856లో మరల వ్రాయబోయి పూర్తి చేయలేక తిరిగి వచ్చాడు. ఆ సంవత్సరమే మఠపు తోటలో బఠానీలు నాటడము మొదలుపెట్టాడు. ఎనిమిదేండ్లలో సుమారు 28,000 మొక్కలు. 1866లో అచ్చయిన ఆయన వ్యాసమును లోకము 1900 వరకు పట్టించుకోలేదు. అప్పటికి ఆయన మరణించి 16 ఏండ్లు. ఎవరూ పట్టించుకోకపోయినా, ఆ మఠము ఆయనకు తోట ఇచ్చింది.

మరి మా సంఘము ఏమి ఇచ్చింది? సుమారు పన్నెండేండ్ల క్రితము, యౌవనస్థుల కూడికలో నేను సైన్సు చదివేవారిని ఎగతాళి చేస్తూ మాట్లాడాను. కోతి నుండి వచ్చామనేవారు కోతులతోనే కూర్చోవాలి అన్నాను. అందరూ నవ్వారు. వెనుక బెంచీలో ఎమ్మెస్సీ జువాలజీ చదివే ఒక అబ్బాయి ఉన్నాడు. అతడు కూడిక తప్పనివాడు, గిటారు వాయించేవాడు. ఆ తరువాత రావడము తగ్గించాడు, తరువాత మానివేశాడు. ఇప్పుడు జర్మనీలో పరిశోధన చేస్తున్నాడు. ఆదికాండము మొదటి అధ్యాయమును ఎలా గ్రహించాలో నేను ఆ అబ్బాయితో కూర్చుండి మాట్లాడవలసింది. ఆదాము చేత దేవుడు చేయించిన ఒక పని జంతువులకు పేర్లు పెట్టించడము. సొలొమోను దేవదారు వృక్షము మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు వరకు, మృగముల గురించి, చేపల గురించి ప్రసంగించాడు. ఇవి నాకు అప్పుడు కూడా తెలుసు. మనుష్యుని జన్యుపటమును గీసిన ప్రాజెక్టును 1993 నుండి నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ క్రీస్తును బాహాటముగా ఒప్పుకొన్న విశ్వాసి అని మాత్రము తరువాత తెలుసుకొన్నాను.

గత సంవత్సరము ఆ అబ్బాయికి ఉత్తరము వ్రాసి, అది నా తప్పని ఒప్పుకొన్నాను. జవాబు వచ్చింది. తన తల్లి కంటి ఆపరేషనుకు నేను తోడు వెళ్లినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. ఆ ప్రసంగము ఊసు ఎత్తలేదు.

ఈ అమ్మాయిని అడిగాను, నీకు అక్కడ విశ్వాసము గురించి కష్టముగా ఉందా అని. "ల్యాబులో పెద్దగా ఏమీ అనరండీ. మన చర్చిలోనే ఆదివారము రాలేదేమని అడుగుతారు" అన్నది. కత్తెర వేసిన పద్నాలుగవ దినము ఆదివారము పడితే ఆ రోజే కొలవాలి, సోమవారము కొలిస్తే లెక్క చెడుతుంది. గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినమున కూడా పైకి తీస్తారు గదా అని ప్రభువు అడిగినది, గోపురపు లెక్క చెప్పిన ఆ అధ్యాయములోనే ఉన్నది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు, ఆమే నాకు చెప్పింది. 2021లో మా సంఘములో కొందరు పెద్దలు వాక్సిన్ వేయించుకోవడానికి భయపడినప్పుడు, ఫోనులో ఒక్కొక్కరితో అరగంట మాట్లాడి ఒప్పించినది కూడా ఈ అమ్మాయియే.

తిరిగి వచ్చిన తరువాత ఆ తల్లిదండ్రులను, నా భార్యను వెంటబెట్టుకొని అబ్బాయివారి ఇంటికి వెళ్లాను. థీసిసు సమర్పించడానికి ఇంకా పది నెలలు పడుతుంది, అంతవరకు ఆగగలరా, తరువాత కూడా ఆమె పని చేసుకోనిస్తారా అని అడిగాము. అబ్బాయి ఏదో చెప్పబోయి తల్లి వైపు చూచాడు. ఆమె ఆలోచించి చెబుతామన్నారు. ఇది వ్రాసే నాటికి జవాబు రాలేదు.

మొన్న బుధవారము ప్రార్థన కూడికలో మనవులు చెప్పమన్నప్పుడు ఆ తల్లి లేచింది. "మా అమ్మాయి నలభై కుండీలలో ఆఖరి పంట వేసింది. ఎలుకలు పడకుండా ప్రార్థన చేయండి" అన్నది. ఇద్దరు ముగ్గురు పిల్లలు కిసుక్కుమన్నారు. వెనుక నుండి ఎనభై దాటిన మా సంఘపు పెద్ద, జీవితమంతా వ్యవసాయము చేసినవాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని గట్టిగా అడిగాడు:

"ఏ రకమమ్మా?"